లేవని సభ

మా మనవరాలి తొమ్మిదో తరగతి సోషల్ పుస్తకాన్ని నేను మూడుసార్లు చదివాను. రాసినవాళ్ళు కూడా అన్నిసార్లు చదివి ఉండరు. చదివి ఉంటే ఒక పాఠం చివర 'మీ తరగతిలో నమూనా పార్లమెంటు నిర్వహించండి' అని డబ్బా కట్టి అచ్చువేసి, అంత నిశ్చింతగా తర్వాతి పాఠంలోకి వెళ్ళిపోయేవాళ్ళు కాదు. మీ బడిలో ఎప్పుడు నిర్వహించారని మనవరాలిని అడిగాను.

"డబ్బాల్లో ఉండేవి పరీక్షకి రావు తాతా" అంది.

దేశాన్ని ఎలా నడపాలో చెప్పే ముక్క పరీక్షకి రాదు. నదుల పొడవులు మాత్రం వస్తాయి. నది పొడవు తెలిసి ఏం చేస్తారు, చుట్ట చుట్టి ఇంటికి తెచ్చుకుంటారా?

నాకు కోపం రావడానికి పెద్ద కారణం అక్కర్లేదని మా ఇంట్లో అందరికీ తెలుసు. నేను బళ్ళో చదివింది మూడో తరగతి దాకా, అదీ సగమే. మిగతా చదువంతా సముద్రం ఒడ్డున టీ బంకులో సాగింది. బంకాయనకి పేపరు వచ్చేది గానీ చదవడం రాదు. నేను కూడబలుక్కుంటూ చదివి వినిపిస్తే ఒక టీ పోసేవాడు. ఆ టీ కోసం మొదలుపెట్టి, కొన్నేళ్ళకి సంపాదకీయాల దాకా వచ్చాను. ఆ తర్వాత రేడియో, ఆ తర్వాత టీవీలో అసెంబ్లీ. సమావేశాలు జరిగే రోజుల్లో నేను టీవీ ముందు నుంచి లేవను. వాళ్ళు అక్కడ అరుస్తారు, నేను ఇక్కడ అరుస్తాను. మా కోడలు చేపల గంప కడుక్కుని అటుగా పోతూ, "మామా, వాళ్ళకి వినపడదులే" అంటుంది. అక్కడ కూర్చున్నవాళ్ళకి పక్కవాడి మాటే వినపడదు, నాది ఎక్కడ వినపడుతుంది.

సరే, పుస్తకం చంకన పెట్టుకుని బడికి పోయాను. హెడ్మాస్టరు గారు రిజిస్టర్లలో సంతకాలు చేస్తున్నారు. నన్ను చూడగానే పెన్ను మూత పెట్టారు. ఆయనకి నేను కొత్త కాదు. తాగేనీళ్ళ ట్యాంకు మీద మూత లేదని ఒకసారి, జెండా తలకిందులుగా కట్టారని ఒకసారి వెళ్ళి ఉన్నాను.

"పెద్దాయనా, సిలబస్సే అయిపోక మేము చస్తా ఉండాం" అన్నారు.

"ఇది సిలబస్సులోదే" అని పేజీ తీసి చూపించాను.

ఆయన ఆ పేజీని మొదటిసారి చూస్తున్నట్టు చూసి, తన నెత్తిన ఉన్నదాన్ని ఇంకొకరి నెత్తిన పెట్టే ఉపాయం తట్టినవాడిలా సోషల్ టీచరమ్మని పిలిపించారు. ఆమెది బుచ్చిరెడ్డిపాలెం. రోజూ రెండు బస్సులు మారి వస్తుంది. సన్నగా, నెమ్మదిగా ఉంటుంది. హెడ్మాస్టరు చెప్పిందంతా విని, నా వైపు తిరిగి, "అయితే మీరూ వచ్చి నేర్పిస్తారా తాతగారూ?" అని అడిగింది. నేను వెళ్ళిందే అందుకు. అయినా కాసేపు ఆలోచిస్తున్నట్టు నిలబడ్డాను.

పదిహేను రోజులు మధ్యాహ్నం చివరి పిరియడు మాది. ప్రశ్నోత్తరాల సమయం అంటే ఏమిటో చెప్పాను. బిల్లు అంటే కరెంటు బిల్లు కాదని చెప్పాను. ఆమె బోర్డు మీద బొమ్మలు గీసేది, నేను నిలబడి ఉపన్యాసం ఇచ్చేవాణ్ణి. పిల్లలకి అన్నిటికంటే తొందరగా వచ్చింది వాకౌట్. వాకౌట్ నేర్పిన రోజు ముప్పైమందీ క్రమశిక్షణతో లేచి బయటికి పోయారు. సగంమంది మర్నాడు గానీ తిరిగి రాలేదు. ఇంతకంటే బాగా మన పెద్దలు కూడా చేయలేరని టీచరమ్మతో అన్నాను. ఆమె నవ్వలేదు, హాజరుపట్టీ తీసి చూసుకుంది.

స్పీకరు కుర్చీ మీద నాకు కన్ను ఉండేది, దాచుకోవడం ఎందుకు. ఆ మాట మెల్లగా కదిపితే ఆమె, "స్పీకరు సభ్యుల్లో నుంచే రావాలని మీరే చెప్పారు కదండీ" అంది. ఎంత శ్రద్ధగా నేర్పితే అంత నష్టం. స్పీకరుగా క్లాసు లీడరు అమ్మాయిని పెట్టారు. నాకు వెనక బెంచీ ఇచ్చి, అది సందర్శకుల గ్యాలరీ అన్నారు. గ్యాలరీలో కూర్చున్నవాళ్ళు నోరు మెదపకూడదని ఆ ముందు వారమే నేను చాలా గట్టిగా చెప్పి ఉన్నాను.

అసలు చిక్కు ప్రతిపక్షం దగ్గర వచ్చింది. పాలకపక్షంలో ఎవరుంటారు అంటే అందరూ చేతులెత్తారు. ప్రతిపక్షంలో ఎవరుంటారు అంటే ఒక్క చెయ్యీ లేవలేదు. టీచరమ్మ బతిమాలింది, ప్రతిపక్ష నాయకుడికి కూడా కారు ఉంటుందని ఆశ పెట్టింది. చివరికి ఒకడు లేచి, "ప్రతిపక్షంలో కూసుంటే ఇంటికి ఎప్పటికి పోతాం మేడం?" అని అడిగాడు.

ఆమెకి అర్థం కాలేదు. నాకు అయింది. ఆ బడిలో చదివేవాళ్ళంతా ఒడ్డు పిల్లలు. వాళ్ళు చూసిన సభ ఒకటే, మా జాలరి పాలెం సభ.

మా పాలెంలో పెద్దకాపు అని ఒకాయన ఉంటాడు. అది కులం పేరు కాదు, పెత్తనం పేరు. ఆయనా, ఇంకొందరు పెద్దలూ కలిసి వేసే కట్టుబాటుని దురాయి అంటాం. చేపల వేటకి ఎప్పుడు పోవాలి, ఎప్పుడు పోకూడదు, ఏ వల వాడకూడదు, అన్నిటికీ దురాయి ఉంటుంది. తప్పెట కొట్టి చాటిస్తారు. అమావాస్య నాడు మా వాళ్ళు వేటకి పోరు కాబట్టి ఆ మధ్యాహ్నం వలల కొట్టంలో సభ కూర్చుంటుంది. పెద్దలు ముందు చాప మీద, మిగతా మగవాళ్ళు వెనక, ఆడవాళ్ళు ఇంకా దూరంగా నిలబడి. ఆడవాళ్ళకి వినడమే, మాట్లాడటం లేదు. ఆ సంగతి మళ్ళీ వస్తుంది. మాట్లాడేవాళ్ళలో మాత్రం ఎవరికైనా ఒక హక్కు ఉంది. చివర్లో పెద్దకాపు ముమ్మారు అడుగుతాడు, కాదనేవాళ్ళు ఎవరన్నా ఉన్నారా అని. ఒక్కడు కాదన్నా సభ లేవకూడదు. ఓట్లు లెక్కపెట్టడం మాకు తెలియదు. వాడి బాధేమిటో అందరూ వినాలి. వాడైనా సరేననాలి, లేదా దురాయైనా మారాలి. అప్పటిదాకా ఎవరూ ఇంటికి పోకూడదు, అన్నం తినకూడదు. అందుకే మా దగ్గర కాదనేవాళ్ళు తక్కువ. భయపడి కాదు, అంతమంది ఆకలితో మన మొహమే చూస్తూ కూర్చుంటే ఎవడు తట్టుకుంటాడు.

ఇదంతా టీచరమ్మకి చెప్పాను. ఆమె శ్రద్ధగా విని, "బావుందండీ, కానీ పార్లమెంటులో అలా ఉండదు కదా, మెజారిటీ ఉంటుంది" అంది. ఆ మాటే పిల్లలకి కూడా చెప్పి, చీటీలు తీసి పదిమందిని ప్రతిపక్షంలో వేసింది. మా మనవరాలికి ప్రతిపక్ష నాయకురాలి చీటీ వచ్చింది. పెద్దకాపు మనవడు అంతకుముందే ప్రధానమంత్రి అయిపోయి ఉన్నాడు. దానికి చీటీ అక్కర్లేకపోయింది, వాడు వెళ్ళి ఆ కుర్చీలో కూర్చున్నాడు అంతే.

బిల్లు దేని మీద అన్న మాట వచ్చింది. టీచరమ్మ ప్లాస్టిక్ నిషేధం అంది. నాకు ఒళ్ళు మండింది. ప్లాస్టిక్ చెడ్డదని అందరూ ఒప్పుకుంటారు, ఒప్పుకుంటూనే అందులో ఇడ్లీ కట్టించుకుంటారు. దాని మీద వాదనేముంది? "మీ ఊళ్ళో ఉండే కట్టుబాటే ఒకటి తీసుకురండి, దాన్ని చట్టం చేయాలో వద్దో తేల్చండి" అని ఘనంగా చెప్పాను. ప్రధానమంత్రి లేచి, తప్పెట కొట్టేవాడి గొంతుతో అప్పజెప్పాడు:

"ఐసు వ్యాను డబ్బాలు నిండేదాకా ఒడ్డున గంపల ఆడోళ్ళు చాప ముట్టుకోగూడదహో."

పిల్లలు నవ్వారు. నేను నవ్వలేదు. అడిగి మరీ తెచ్చుకున్నాను.

వాడు చాప అన్నది చేపని, మా ఒడ్డున అలాగే అంటారు. ఆ దురాయి పడి రెండేళ్ళు. అంతకుముందు తెల్లవారి బోట్లు రాగానే గంపల ఆడవాళ్ళు ముందు తలా ఒక గంప తీసుకునేవాళ్ళు, తర్వాత పట్నానికి సరుకు తీసుకుపోయే ఐసు వ్యానుకి వేలం జరిగేది. ఆడవాళ్ళు ఆరున్నర బస్సు ఎక్కి ఇందుకూరుపేట అవతల మాగాణి ఊళ్ళకి పోయి ఇంటింటికీ అమ్ముకునేవాళ్ళు. ఒకరోజు వ్యానాయన వచ్చి, నన్ను నిలబెడితే పక్క పాలెం పోతానన్నాడు. అమావాస్య సభలో దురాయి వేశారు, వ్యాను నిండాకే గంపలు అని. అప్పట్నుంచి ఆడవాళ్ళకి మిగిలింది చిన్న చేప, ఎనిమిదిన్నర బస్సు. ఎనిమిదిన్నర బస్సులో పోయేసరికి ఆ ఊళ్ళలో చికెన్ కొట్లు తెరుచుకుని ఉంటాయి. మా కోడలు గంపలో సగం తిరిగి ఇంటికే వచ్చేది. నేను దాన్నే పులుసులో తినేవాణ్ణి.

ఆ దురాయి వేసిన రోజు సభలో నేనున్నాను. యాభై ఏళ్ళు వెనక నిలబడి ప్రతిదానికీ అడ్డం మాట్లాడినవాణ్ణి. ఆ రోజు మాత్రం పెద్దకాపు, "నువ్వు కూడా చదువుకున్నోడివి, ముందుకు రా బావా" అని చాప మీద చోటు చూపించాడు. వరసకి నేను ఆయనకి బావని. వెళ్ళి కూర్చున్నాను. చాప కొత్తది, మెత్తగా ఉంది. కాదనేవాళ్ళు ఎవరన్నా ఉన్నారా అని ఆయన ముమ్మారు అడిగితే, మూడుసార్లూ నేను సరేనని తల ఊపాను. పదవి ఇస్తే నోరు మూసుకునేవాళ్ళని టీవీలో చూసి ఎన్ని బూతులు తిట్టానో లెక్కలేదు. వాళ్ళకి కనీసం కారు, బంగళా ఇచ్చారు. నన్ను చాపకి కొన్నారు. దూరంగా నిలబడ్డ ఆడవాళ్ళలో మా కోడలు ఉంది. ఇంటికి వచ్చాక ఎప్పటిలాగే అన్నం పెట్టింది.

నమూనా పార్లమెంటు రోజు బల్లలు రెండు వైపులా జరిపారు. స్పీకరు అమ్మాయి ముందర హెడ్మాస్టరు బల్ల మీది గంట. వ్యాయామం సారు విజిలు మెడలో వేసుకుని ఒక పొడుగుపాటి కుర్రాడు తలుపు దగ్గర మార్షల్. గ్యాలరీలో నేనూ, మధ్యాహ్నం భోజనం వండే ఆమే. ఆమె చింతపండు గింజలు తీసుకుంటూ కూర్చుంది.

ప్రధానమంత్రి బిల్లు పెట్టాడు. "గౌరవనీయులైన అధ్యక్షా, వ్యాను ముందు నిండాల. నిండకపోతే వ్యానాయన పక్క పాలేనికి పోతాడు. పోతే మన చాపలు ఎవురు కొంటారు? కాకులా?"

పాలకపక్షం బల్లలు చరిచింది. ప్రతిపక్షం కూడా చరిచింది, అలవాటు లేక. స్పీకరు గంట కొట్టి, "ప్రతిపక్ష నాయకురాలు" అంది.

మా మనవరాలు లేచింది. చేతిలో కాగితం ఉంది గానీ చూడలేదు.

"అధ్యక్షా, ప్రధానమంత్రి గారికి ఒక ప్రశ్న. మన ఒడ్డు నుంచి ఫస్టు బస్సు ఎన్నింటికి?"

ప్రధానమంత్రి పక్కకి చూశాడు. పక్కనున్న రక్షణ మంత్రికి కూడా తెలియదు.

"ఈయనకి తెలీదు అధ్యక్షా, వాళ్ళమ్మ గంప ఎత్తదు గదా. ఆరున్నరకి. మా అమ్మ దాన్ని ఎక్కి రెండేళ్ళయింది. రోజూ గంప పక్కన పెట్టుకుని ఒడ్డున కూసోని, ఆ బస్సు పోతా ఉంటే చూస్తా ఉంటాది. వ్యాను పోతాది అంటా ఉండారే, బస్సు పోతా ఉండేది ఎవురికీ కనపడదా?"

వంటామె చింతపండు పక్కన పెట్టింది.

ప్రధానమంత్రి తేరుకున్నాడు. "అధ్యక్షా, ఆ పొద్దు సభలో అందురూ ఒప్పుకున్నారు. ఎవురూ కాదన్లేదు. ఈ అమ్మి వాళ్ళ తాతే ముందర కూసోని సరేనన్నాడు. కావాలంటే అడగండి, ఆడనే ఉండాడు."

తలలన్నీ వెనక్కి తిరిగాయి. మా మనవరాలు మాత్రం తిరగలేదు. నేను లేచాను. నేను తల ఊపిన మాట నిజమే గానీ దాని వెనక సంగతులు కొన్ని ఉన్నాయని చెప్పబోయాను. ఏ సంగతులో నాకే తెలియదు, మాట్లాడుతుంటే దొరుకుతాయనుకున్నాను. ఎప్పుడూ అలాగే దొరికేవి.

గంట మోగింది. విజిలు వేసుకున్న కుర్రాడు వచ్చి నా మోచెయ్యి పట్టుకున్నాడు. "గ్యాలరీలో మాట్లాడగూడదని నువ్వే గదా చెప్పినావు తాతా. దా, పోదాం."

"ఒరే, ఒక్క ముక్క."

"అధ్యక్షా, ఈయన ఒక్క ముక్కంటా ఉండాడు" అని వాడు స్పీకరుని అడిగాడు. స్పీకరు తల అడ్డంగా ఊపింది. నన్ను వరండాలో దించి తలుపు దగ్గరికి వేశాడు. అడ్డొచ్చినవాణ్ణి బయట వేయాలని ఆ మార్షల్‌కి నేర్పింది నేనే. చాలా బాగా నేర్పాను.

మిగతాది కిటికీలో నుంచి చూశాను. వాదన నడిచింది. ఓటు పెట్టారు. పాలకపక్షం అంతా అవునంది. ప్రతిపక్షంలో తొమ్మిదిమంది ఒకరి మొహం ఒకరు చూసుకుని వాళ్ళూ అవునన్నారు. ఫిరాయింపుల మీద నేనొక పిరియడంతా గొంతు చించుకున్నాను, ఆ రోజు ఈ తొమ్మిదిమందీ వచ్చారో లేదో. కాదన్నది మా మనవరాలు ఒక్కతే.

టీచరమ్మ సంతోషంగా చప్పట్లు కొట్టింది. "బిల్లు పాసైంది. చూశారా, దీన్నే మెజారిటీ అంటారు. అధ్యక్షా, సభని వాయిదా వేయండి." ఇంటిగంట కూడా అప్పుడే కొట్టారు.

ఎవరూ లేవలేదు.

టీచరమ్మ మళ్ళీ చెప్పింది. స్పీకరు అమ్మాయి గంట మీద చెయ్యి పెట్టుకుని కూర్చుంది గానీ కొట్టలేదు. చివరికి ప్రధానమంత్రే లేచి, చాలా మర్యాదగా, "ఆ అమ్మి కాదనింది గదా మేడం, ఎట్ట లేస్తాం?" అన్నాడు.

"ఒక్కరే కదా నాన్నా. ఇరవై తొమ్మిదిమంది అవునన్నారు."

"అవును మేడం. ఇరవై తొమ్మిదిమందిమి ఉంటాములెండి. మీకు బస్సు ఉంటే మీరు పోండి."

ఆమె బోర్డు మీద భాగహారం వేసి చూపించింది. సగం కంటే ఎక్కువ అంటే ఎంతో చూపించింది. అందరూ తలలూపి, అర్థమైందని చెప్పి, అలాగే కూర్చున్నారు. గెలిచినవాళ్ళే లేవకపోతే పార్లమెంటు పుస్తకంలో దానికి మందు లేదు. తర్వాత ఒకడు లేచి కుండలో నుంచి గ్లాసుతో నీళ్ళు ముంచి మా మనవరాలి ముందు పెట్టాడు. మా సభలో కాదన్నవాడికి ముందు నీళ్ళిస్తారు, బాధ చెప్పుకోబోయేవాడికి గొంతు ఎండకూడదని.

టీచరమ్మ గడియారం చూసుకుంది. ఆమె బస్సు గేటు ముందు హారను కొట్టి వెళ్ళిపోయింది. ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది.

ఎండ వాలింది. పిల్లలు ఇంటికి రాలేదని ఒక్కొక్కరే పెద్దవాళ్ళు రావడం మొదలైంది. పెద్దకాపు తన మనవడి కోసం టీవీఎస్ మీద వచ్చాడు. కిటికీ దగ్గర నన్ను చూసి పక్కన నిలబడ్డాడు.

"ఏంది బావా, పిలకాయల్ని ఇంకా వదల్లా?"

"లోపల పార్లమెంటు జరగతా ఉండాది."

"ఎప్పుడు లేస్తాది?"

"ఒకరు కాదన్నారు."

"అట్నా. అయితే లేవదు" అన్నాడు. పదిహేను రోజులు టీచరమ్మా నేనూ పడ్డ పాట్లు ఆయన అరక్షణంలో తేల్చేశాడు. కండువా భుజం మార్చుకుని, "కాదనింది ఎవురు?" అన్నాడు.

"మా అమ్మాయే."

"దేని మీద?"

"గంపల మీద."

లోపల మా మనవరాలు నీళ్ళు తాగి చెబుతోంది, ఈసారి కాగితమూ లేదు, అధ్యక్షా అనడమూ లేదు. ఆరున్నర బస్సు కండక్టరు వాళ్ళమ్మ కోసం మొదట్లో రెండు రోజులు ఆపి చూశాడట, తర్వాత ఆపడం మానేశాడట. మిగిలిన చేపలు ఎండబెడదామంటే వాన. పక్కన ఇద్దరు ఆడపిల్లలు మా అమ్మ కూడా అంతే, మా అత్త కూడా అంతే అన్నారు. ఇందాక అవునన్నవాళ్ళే. ప్రధానమంత్రి గోళ్ళు కొరుక్కుంటూ విని, "సరే, మనిషికి ఒక గంప ముందర ఇస్తే? మన పాలెంలో గంపలెత్తేది పదిమంది ఆడోళ్ళు. పది గంపలు ఎత్తేదానికి ఎంత సేపు? వ్యానాయన టీ తాగే లోపల అయిపోతాది" అన్నాడు. ఆ తర్వాత గొంతు తగ్గించి, "మా తాత ఒప్పుకోడు గానీ" అని కలిపాడు.

"రేయ్" అన్నాడు పెద్దకాపు కిటికీలో నుంచి.

గంట మోగింది. స్పీకరు అమ్మాయి ఆయన వైపు చూసి, "బయట ఉండేవాళ్ళు మాట్లాడగూడదు" అంది. మార్షల్ తలుపు దాకా వచ్చాడు. మా పాలెంలో ఆయన్ని నోరు మూసుకోమన్నవాణ్ణి నేను చూడలేదు. ఆయన నోరు మూసుకున్నాడు. నాకు లోపల్లోపల ఎంత హాయిగా ఉందో చెప్పలేను, ఒక్క నిమిషం నా బాధ కూడా మర్చిపోయాను.

మనిషికి ముందు ఒక గంప, తర్వాత వ్యాను. స్పీకరు ముమ్మారు అడిగింది, కాదనేవాళ్ళు ఎవరన్నా ఉన్నారా అని. మూడోసారి మా మనవరాలి వైపు చూసి అడిగింది. అది లేదని తల ఊపింది. అప్పుడు గంట కొట్టారు. అప్పుడు లేచారు. టీచరమ్మని ఎవరో బండి మీద ఇందుకూరుపేట దాకా దించి వచ్చారు. ఎక్కబోతూ నా దగ్గర ఆగి, "తాతగారూ, దీన్ని నేను రికార్డులో ఏమని రాయాలి?" అంది. బిల్లు రెండుసార్లు పాసైందని రాయమన్నాను.

ఇంటికి నడిచి వస్తుంటే పెద్దకాపు బండి నెట్టుకుంటూ నాతో పాటే వచ్చాడు. "పిలకాయల ఆటలే బావా, అదంతా" అన్నాడు. నేను ఊఁ అన్నాను. ముందు మా మనవరాలు సంచీ ఊపుకుంటూ పోతోంది. నా మీద కోపం లేదు, తనకి ఏ కోపమూ లేదు. ఉంటే బాగుండేది.

నాలుగు రోజులకి అమావాస్య వచ్చింది. సభలో మాట్లాడుకున్నది వేరే సంగతి, లంగర్ల దగ్గర ఎవరి బోటు ఎక్కడ కట్టాలని. నేను చాప మీదే కూర్చున్నాను. ఆ చాప ఇప్పుడు అంచులు విడిపోయి గుచ్చుకుంటోంది. అంతా తేలింది. మధ్యాహ్నం అన్నం వేళ దాటిపోయింది, అందరూ కండువాలు దులుపుకుంటున్నారు. పెద్దకాపు లేవబోతూ అడిగాడు. ఇవాళ్టి మాటకీ, పాత దురాయిలకీ కలిపి అడగడమే మా ఆనవాయితీ.

"కాదనేవాళ్ళు ఎవరన్నా ఉండారా?"

ఒకసారి అడిగాడు. రెండోసారి అడిగాడు. దూరంగా ఆడవాళ్ళు నిలబడి ఉన్నారు. నేను అటు చూడలేదు. చూస్తే మళ్ళీ తల ఊపేస్తానేమోనని భయం.

మూడోసారికి, "కాదు" అన్నాను.

కొట్టమంతా ఒక్కసారి మూలిగినట్టయింది. లేచినవాళ్ళు మళ్ళీ కూర్చున్నారు. వెనక నుంచి ఒకడు, "ముసిలోడికి పొద్దు పోలా, మనకి కడుపు కాలతా ఉండాది" అన్నాడు. ఇంకొకడు, "అసెంబ్లీ సూసి సూసి చెడిపొయినాడు" అన్నాడు. పెద్దకాపు నా ముందు నీళ్ళ చెంబు పెట్టించాడు.

"చెప్పు బావా, ఏంది నీ బాధ?"

యాభై ఏళ్ళుగా దాచుకున్న ఉపన్యాసాలు ఒక పడవకి సరిపోయేవి ఉన్నాయి నా దగ్గర. ఒక్కటీ నోటికి రాలేదు. చెంబు ఎత్తి తాగాను. "ఆరున్నర బస్సు" అన్నాను. ఆ తర్వాత, "రెండేళ్ళ కిందట నేను కాదనాల్సింది. అన్లా" అన్నాను. అంతే నా ప్రసంగం.

పొద్దు వాలేదాకా కూర్చున్నారు. నన్ను బతిమాలారు, తిట్టారు, వ్యానాయన పోతే నువ్వు కొంటావా అన్నారు. పోడన్నాను. ఎట్లా తెలుసన్నారు. తెలియదన్నాను. ఒకరిద్దరు పడుకుని నిద్రపోయారు. నేను మాత్రం సరేనని అనలేదు. చివరికి పెద్దకాపు ఎవరి వైపూ చూడకుండా, తన మనవడు చెప్పిన లెక్కే, మనిషికి ఒక గంప ముందు, పది గంపలకి ఎంతసేపు, వ్యానాయన టీ తాగే లోపల, అని అక్షరం పొల్లు పోకుండా చెప్పాడు. తన సొంత ఆలోచనలాగే చెప్పాడు. మంత్రులు అలా చెప్పడం టీవీలో చాలాసార్లు విన్నాను. ఈసారి ముమ్మారు అడిగితే కాదనేవాళ్ళు లేరు. తప్పెట కొట్టించారు. తర్వాత అమావాస్యకి నన్ను ముందుకి పిలవలేదు. వెనకే నిలబడ్డాను.

దురాయి మారిన మర్నాడు తెల్లవారి ఒడ్డుకి నేను పోలేదు. ఇంట్లోనే కూర్చున్నాను. వ్యాను హారను వినిపించింది, ఇంకాసేపటికి మళ్ళీ వినిపించింది, బాగా చిరాగ్గా. వెళ్ళిపోతున్నాడో, టీ తాగుతున్నాడో తెలియలేదు. ఆరున్నర బస్సు మా వీధి చివర మలుపు తిరిగేటప్పుడు గేరు మారుస్తుంది. ఆ చప్పుడు విన్నాను. పెరట్లోకి తొంగి చూస్తే కోడలి గంప లేదు.

పది దాటకముందే కోడలు వచ్చింది. గంప బోర్లించి కడుగుతుంటే వెళ్ళి పక్కన నిలబడ్డాను.

"వ్యానాయన పోయినాడా?"

"యాడికి పోతాడు. రెండు టీలు తాగి, నిండినాక పోయినాడు."

"చాపలు?"

"అన్నీ అమ్ముడుపొయినాయి మామా. నీ కూరకి మిగల్లా." గంప గోడకి ఆనించి, చేతులు కొంగుకి తుడుచుకుంటూ లోపలికి పోయింది. "టమేటా చారు కాస్తా. అది తిని టీవీ చూడు."